పుంగ్గోల్ గడపకు పసుపు

సింగపూర్ అద్దంలా ఉంటుందని వెళ్ళొచ్చినవాళ్ళందరూ చెప్పారు. ఆ అద్దాన్ని ఎవరు తుడుస్తారో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నేను వెళ్ళొచ్చాను కాబట్టి చెబుతున్నాను. అక్కడున్న మూడు వారాలూ అందులో ఒక ముక్కని నేనే తుడిచాను.

అవి ఏ వీధిలో చూసినా సాఫ్ట్‌వేర్ పిల్లలే ఉన్న రోజులు. కాకినాడ రైతు బజారులో వంకాయలు ఏరుకుంటుంటే కూడా పక్కనావిడ "మీవాడు ఏ దేశంలో ఉన్నాడండీ?" అని అడిగేది. మావాడు కాకినాడలోనే మందుల షాపు పెట్టుకున్నాడు. ఆ మాట చెబితే ఆవిడ అయ్యో పాపం అన్నట్టు చూసి ఇంకో రెండు వంకాయలు ఏరుకునేది.

అలాంటి నాకు ఒకరోజు సింగపూర్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది స్రవంతి, మా ఆడపడుచు తోటికోడలి కూతురు. చిన్నప్పుడు నన్ను అత్తయ్యా అని పిలిచేది. విమానం ఎక్కాక ఆంటీని అయిపోయాను.

"ఆంటీ, మా మరిది పెళ్ళికి త్రీ వీక్స్ హైదరాబాద్ వస్తున్నాం. ఫ్లాట్ ఖాళీగా ఉంటుంది. మీరూ అంకుల్ వచ్చి హాయిగా ఉండండి. మొక్కలకి నీళ్ళు, చేపలకి ఫుడ్, అంతే. ఇల్లు కొంచెం నీట్‌గా ఉంచితే చాలు" అంది.

మావారు కరెంటాఫీసులో రిటైరై ఇంట్లో పేపరు నాలుగోసారి చదువుతున్న మనిషి. ఎగిరి గంతేశారు. నేను మాత్రం తునికి ఫోన్ చేశాను. అక్కడ మా తమ్ముడి దగ్గర మా నాన్న ఉంటారు.

మా నాన్నకి ఒక అన్న ఉండేవాడు. పేరు సూరయ్య. యుద్ధం రోజుల్లో పటాలంలో చేరి ఓడెక్కి సింగపూర్ వెళ్ళాడు, మరి రాలేదు. జాడ తెలియలేదని మాత్రం ఒక కబురు వచ్చింది. మా నాయనమ్మ బతికినంతకాలం "వాడొస్తాడు" అనే అంది. కర్మ చెయ్యనివ్వలేదు. దండ వేద్దామన్నా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళకి మా మేనల్లుడు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతికితే, క్రాంజీ అనేచోట యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానం ఉందనీ, సమాధి దొరకనివాళ్ళ పేర్లు అక్కడ గోడల మీద చెక్కారనీ, అందులో మా పెదనాన్న పేరు ఉందనీ తేలింది.

ఎనభై ఏళ్ళ మా నాన్న ఫోన్లో ఒక్కటే అడిగారు. "వాడి పేరు కళ్ళారా చూసి, ఫోటో తీసి తేవే అమ్మా. మనిషి ఫోటో ఎలాగూ లేదు. పేరు ఫోటో అయినా ఉంటుంది."

నేను సింగపూర్ వెళ్ళింది అందుకు. మిగతాదంతా ఆ దారిలో తగిలింది.

పుంగ్గోల్: అప్పగింతలు

విమానాశ్రయం నుంచి టాక్సీలో పుంగ్గోల్ వెళ్తుంటే రోడ్డు మీద ఒక్క కాగితం ముక్క కనపడలేదు. మావారు నోట్లో వక్కపలుకు వేసుకుని, దాన్ని ఎక్కడ ఉమ్మాలో తెలియక దారంతా మౌనవ్రతం పట్టారు. చివరికి మింగేశారు. పెళ్ళయ్యాక ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం అదే మొదలు.

పుంగ్గోల్ ఊరికి ఒక కొస. అంతా కొత్త కట్టడాలు, ఆకాశానికి నిచ్చెనలు వేసినట్టు ఫ్లాట్లు, వాటి మధ్య డ్రైవరు లేని చిన్న రైలు. కింద ఉయ్యాలల దగ్గర అన్నీ పడుచు జంటలు, చంటిపిల్లలు. స్రవంతి ఫ్లాటు పదకొండో అంతస్తు. ఇల్లంతా తెలుపు. గోడలు తెలుపు, సోఫా తెలుపు, గుమ్మం కింద గడప కూడా తెల్ల చలువరాయి పలక. ఇంత తెలుపు నేను ఆస్పత్రిలో కూడా చూడలేదు.

స్రవంతీ, వాళ్ళాయన కిరణూ ఇద్దరూ సైన్స్ పార్కులో సాఫ్ట్‌వేరు. వాళ్ళు మర్నాడు పొద్దున బయల్దేరతారు. మేము కాళ్ళు కడుక్కునేలోపే స్రవంతి ఇల్లు చూపించడం మొదలెట్టింది. చూపించడం అన్నాను గానీ, అప్పగింతలు అనాలి. పెళ్ళికూతుర్ని అప్పగించేటప్పుడు కూడా అన్ని జాగ్రత్తలు చెప్పరు.

"ఆంటీ, ఇది హ్యాండోవర్ అనుకోండి. బ్లూ క్లాత్ గ్లాస్‌కి, ఎల్లో క్లాత్ కిచెన్‌కి, పింక్ క్లాత్ బాత్రూమ్‌కి. కలపకూడదు. స్టవ్ మీద నూనె చిమ్మితే వెంటనే స్ప్రే కొట్టి తుడిచేయాలి. పోపు అవాయిడ్ చేస్తే బెటర్. స్మెల్ కర్టెన్స్‌కి పట్టేస్తుంది."

"పోపు లేకుండా పప్పు ఎలాగమ్మా?"

"ఆలివ్ ఆయిల్ లైట్‌గా వేసుకోవచ్చు ఆంటీ."

కిరణ్ పక్కనుంచి "నో ఇష్యూస్ ఆంటీ, మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. ఆ మూడు వారాల్లో ఆ ఇంట్లో ఎవరి నోటైనా విన్న పచ్చి అబద్ధం అదే.

తరవాత బాత్రూము. గాజు పెట్టెలో నిలబడి స్నానం చేయాలి. బకెట్టు లేదు, చెంబు లేదు. నీళ్ళు పెట్టె దాటి ఒక్క చుక్క బయట పడకూడదు. స్నానం అయ్యాక రబ్బరు పట్టీ ఉన్న కర్రతో గాజుని పైనుంచి కిందకి లాగాలి, ఆ తరవాత నీలం గుడ్డతో తుడవాలి. అంటే మనకి ఒక స్నానం, గాజుకి ఒక స్నానం. మావారు మొదటిరోజు ఆ పని చేసేసరికి మళ్ళీ చెమట పట్టి మళ్ళీ స్నానం చేయాల్సి వచ్చింది. రెండోరోజు నుంచి గాజు నాకు వదిలేశారు.

సోఫా కింద సింగపూర్

వాళ్ళు వెళ్ళగానే నేను చీర కుచ్చిళ్ళు దోపాను. నాకు ఒకరి ఇంట్లో వంట మొదలెట్టాలంటే ముందు పొయ్యిగట్టు కడుక్కోవాలి. అది నా రోగం, ఒప్పుకుంటాను. కాకినాడలో మా పనిమనిషి చేసి వెళ్ళాక మళ్ళీ నేను చేసుకునేదాన్ని.

కిచెన్‌లో పైనంతా తళతళ. అరల తలుపు తీశాను. లోపల నూనె డబ్బా కింద జిగురు, ఆ జిగురులో ఆవాలు అంటుకుని చాలాకాలంగా కాపురం ఉంటున్నాయి. పోపు వద్దన్న ఇంట్లో ఆవాలేమిటి అనుకున్నాను. ఫ్రిజ్‌లో కింద సొరుగు లాగితే కరివేపాకు రసంగా మారి ఉంది. ఇక సోఫా జరిపాను. నాయనోయ్! వేరుశెనక్కాయలు, సగం దువ్వెన, పెన్నుల మూతలు, ఎప్పటివో ప్రసాదం కిస్‌మిస్‌లు, బొమ్మకారు చక్రాలు, వీటన్నిటినీ కలిపి కట్టేస్తూ జుట్టు. కనపడే చోటికి మూడు రంగుల గుడ్డలు, కనపడని చోటికి ఏ రంగూ లేదు.

"ఏవండీ, ఇలా రండి. సింగపూర్ చూద్దురు గాని" అన్నాను.

ఆయన వచ్చి చూసి, "అబ్బో, మనింటికంటే తక్కువేం లేదోయ్" అని సంబరంగా వెళ్ళి పేపరు పట్టుకున్నారు.

అదంతా ఊడ్చి చెత్తలో పడేయబోయి, చెయ్యి ఆగింది. అందులో ఉంగరమో పోగో ఉండి తరవాత మాట వస్తుందేమోనని భయం. ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ముడికట్టి స్టోర్ రూములో పెట్టాను.

సాయంత్రం హైదరాబాద్ నుంచి ఫోన్. "ఆంటీ, స్టేటస్ ఏంటి?"

"స్టేటస్ ఏముందమ్మా, తిన్నాం, కూర్చున్నాం."

"అది కాదాంటీ, హౌస్ స్టేటస్. కర్టెన్స్ వాక్యూమ్ చేశారా? వీక్లీ చేయాలి. చెప్పడం మర్చిపోయా."

రేపు క్రాంజీ వెళ్దామనుకుంటున్నామని చెప్పాను. "క్రాంజీనా? అక్కడేముంది ఆంటీ? వర్కర్స్ డార్మిటరీలు, ఫార్ములు అంతే. సెంతోసా ఐలాండ్ వెళ్ళండి, బీచ్‌లవీ ఉంటాయి. రేపు మాత్రం కాదు, ఏసీ సర్వీస్ వాళ్ళు వస్తారు. వాళ్ళు వెళ్ళాక ఫ్లోర్ మాప్ చేసేయండి ప్లీజ్" అంది.

ఆ రేపు అలా పోయింది. ఎల్లుండి చేపల తొట్టె కడగాలన్నారు. దాని తరవాత పరుపుల కవర్లు. ప్రతి సాయంత్రం ఆవిడకి ఒక మాట చెప్పడం మర్చిపోయినట్టు గుర్తొచ్చేది. మాకు ఇల్లు ఉచితంగా ఇచ్చారు కాబట్టి నోరెత్తకూడదని నేను, నోరెత్తడంలేదు కాబట్టి చెప్పొచ్చని ఆవిడ. తునిలో నాన్న మాత్రం తమ్ముడి చేత ఫోన్ చేయించి "వెళ్ళిందా?" అని అడిగిస్తున్నారు.

శుక్రవారం

శుక్రవారం పొద్దున్నే లేచాను. గడపకి పసుపు రాసి, బొట్టు పెట్టి, బయట చిన్న ముగ్గు వేశాను. నేను ఆలోచించి చేసిన పని కాదు. పళ్ళు తోముకున్నట్టు చేయి దానంతటదే చేసేసింది. బోసి గడప ఉన్న ఇంట్లో పప్పుకి పోపు కూడా లేకపోతే ఇక అది ఇల్లేమిటి?

కాసేపటికి వరండా తుడిచే మనిషి వచ్చి ముగ్గుని ఒక్క తుడుపుతో తీసుకుపోయాడు. పోనీ అనుకున్నాను. పసుపు సంగతి వేరు. సాయంత్రం తడిగుడ్డతో తుడిస్తే బొట్టు పోయింది, పసుపు ససేమిరా అంది. మా ఊళ్ళో గడప కర్రది. ఎన్ని పసుపులు పూసినా దానికి అందమే. ఇది చలువరాయి. పసుపు పైన ఆగక లోపలికి దిగింది.

సబ్బు పెట్టాను. పళ్ళపొడి పెట్టాను. పసుపు గుడ్డ, నీలం గుడ్డ, గులాబీ గుడ్డ మూడూ పెట్టాను. చివరికి మా అమ్మ ఇత్తడి బిందెలకి చేసినట్టు నిమ్మచెక్క పెట్టి కసిగా రుద్దాను. పసుపు కాస్త వెలిసింది గానీ, రాయి మెరుపు మొత్తం పోయింది. ఇప్పుడు గడప మధ్యలో చేటంత మేర మసకగా, లేత పసుపుగా, పచ్చకామెర్లు వచ్చిన కన్నులా నావైపే చూస్తోంది.

"ఏమీ కాదులే కామేశ్వరీ, దాని మీద పట్టా వేసెయ్యి" అన్నారు మావారు. కరెంటాఫీసులో ఆయన ఉద్యోగమంతా అలాగే గడిచింది.

టిష్యూ పొట్లం

ఆ బెంగతో వంట చేయబుద్ధి కాక ఇద్దరం దగ్గర్లో ఉన్న హాకర్ సెంటరుకి వెళ్ళాం. ఒకే కప్పు కింద వరసగా చిన్నచిన్న వంటకొట్లు, మధ్యలో బల్లలు. ప్రపంచంలోని వాసనలన్నీ అక్కడే ఉన్నాయి. ఇన్ని పోపులు ఊరంతా పెడుతుంటే నా ఒక్క పోపుకే ఆ కర్టెన్లకి వాసన పట్టేస్తుందా అని ఒళ్ళు మండింది. దోసె, కాఫీ తీసుకున్నాం. మావారు డాలర్లని రూపాయలలోకి హెచ్చవేసి, "ఈ దోసె ధరకి మన సుబ్బయ్య హోటల్లో వీధి మొత్తానికి పెట్టొచ్చు" అని గొణిగారు, ఆనక మాత్రం మొత్తం తిని, ఇంకోటి తెచ్చుకున్నారు.

జనం కిటకిట. ఒక్క బల్ల ఖాళీగా ఉంది. దాని మీద పులుసు మరకలు, పక్కనే ఒక టిష్యూ కాగితాల పొట్లం. ఎంత మర్యాద గల ఊరు, తుడుచుకోమని కాగితాలు కూడా పెట్టారు అనుకుని పొట్లం విప్పి బల్లంతా శుభ్రంగా తుడిచాను. ఆఖరి కాగితంతో మావారి కుర్చీ కూడా తుడిచాను.

ఇంతలో పళ్ళెం పట్టుకుని ఒక చైనీస్ పెద్దాయన వచ్చి నిలబడ్డాడు. బల్లవైపు, ఖాళీ పొట్లం వైపు, నావైపు చూశాడు.

"ఆంటీ, దట్ వన్ మై చోప్ లా!" అన్నాడు.

చోప్ అంటే సీటు పట్టుకోవడమట. మన బస్సుల్లో కిటికీలోంచి తువ్వాలు వేస్తామే, అదే. ఇక్కడ తువ్వాలు బదులు టిష్యూ పొట్లం పెడతారు. అంటే నేను ఒకాయన తువ్వాలుతో బస్సంతా తుడిచేశాను. సిగ్గుతో లేవబోయాను. ఆయన బల్లని చేత్తో నిమిరి చూసి, "వా, సో క్లీన్! సిట్, సిట్" అని మా ఎదురుగా కూర్చుని నూడుల్స్ తిన్నాడు. సింగపూర్‌లో నా పనిని మెచ్చుకున్న మనిషి ఆయన ఒక్కడే. పేరు కూడా అడగలేదు.

తిన్నాక జనం కంచాలు అక్కడే వదిలి లేచిపోతున్నారు. మా ఇంట్లో తిన్న కంచం తీయకుండా లేస్తే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. ఇక్కడ నడుం వంగిన ముసలమ్మ ఒకామె బండి తోసుకుంటూ వచ్చి తీస్తోంది. అద్దాన్ని ఎవరు తుడుస్తారో అక్కడ కొంత తెలిసింది. నేను మా కంచాలు తీసి ఆమె బండిలో పెడితే ఆమె కోప్పడినట్టే చూసింది.

ఎదురింటి నారాయణమ్మ గారు

వరండాలో ఎదురింటావిడ మొదటి రోజు నుంచీ నన్ను గమనిస్తోంది. అరవై దాటిన మనిషి, గౌను లాంటి బట్ట, నుదుట ఇంత బొట్టు. గడప రుద్దుతున్నప్పుడు వచ్చి నిలబడింది.

"ఏమమ్మా, దినమూ కళువుతా ఉండారే. మాకన్ ఆయెనా?"

తెలుగే. నేను అదిరిపడ్డాను. నారాయణమ్మ గారి తాత విశాఖపట్నం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చాడట. ఆవిడ అక్కడే పుట్టి, పెళ్ళయి సింగపూర్ చేరింది. ఆ తెలుగులో సగం అరవం, పాతిక మలయా మాటలు. కళువడం అంటే కడగడం, మాకన్ అంటే తిండి. కానీ "అమ్మ", "ఆకలి", "అయ్యో" మాత్రం మనలాగే పలుకుతుంది. ఇండియా ఎన్నడూ చూడని ఆవిడ తెలుగు మాట్లాడుతుంటే, నాలుగేళ్ళ కింద వచ్చిన స్రవంతి ఒక్క వాక్యం పూర్తిగా తెలుగులో అనదు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు ఆవిడతోనే. నేను పులిహోర పంపితే ఆవిడ కొబ్బరి పాలతో చేసిన అన్నం పంపేది. ఆవిడ కిచెన్‌లో ఆవాలు చిటపటలాడుతుంటే ఆ చప్పుడు వినడానికే వెళ్ళేదాన్ని.

వెళ్ళిపోవడానికి రెండు రోజులు ఉందనగా స్రవంతి ఫోన్. "ఆంటీ, మేం రేపు సాయంత్రం ల్యాండ్ అవుతున్నాం. రేపు ఒక ఫైనల్ క్లీనింగ్ చేసేయండి. ఫ్యాన్లు, విండో గ్లాసెస్, బెడ్‌షీట్స్, బాల్కనీ. ఎలా ఇచ్చామో అలా ఉంటే చాలు. ఇంకేం వద్దు."

మా విమానం ఎల్లుండి తెల్లవారుజామునే. మిగిలింది రేపు ఒక్క పగలు. ఆ పగట్లో ఫ్యాన్లు తుడవాలి, లేకపోతే క్రాంజీ వెళ్ళాలి. రెండూ అయ్యే పని కాదు. ఫోన్ పెట్టి గుడ్డలు తడుపుతూ కూర్చున్నాను. మా నాన్నకి ఏం చెప్పాలో తెలియక ఏడుపొచ్చింది. ఆయనకి మళ్ళీ అడిగే వయసు లేదు. నాకు మళ్ళీ వచ్చే స్తోమత లేదు.

నారాయణమ్మ గారు తలుపులో నిలబడి, "ఏల కష్టపడతారు? వారంవారం వచ్చే మణిమేగలైని పిలవండి, చేసి పోతాది" అంది.

"మణిమేగలై ఎవరు?"

"ఈ ఇల్లు తుడిచేది అదే గదా! మీరు వచ్చే ముందర ఆ పిల్ల దానితో చెప్పింది. 'ఈ నెల రావద్దు, ఇండియా నుంచి ఆంటీ వస్తా ఉంది, ఆమె చూసుకుంటాది' అని. నేను ఇక్కడ నిలబడి విన్నాను. మీకు తెలవదా?"

అరికాలి మంట నెత్తికెక్కింది అంటారు, అది నిజంగా ఎక్కుతుందని నాకు ఆ రోజే తెలిసింది. హాయిగా ఉండండి ఆంటీ, ఊరంతా చూడండి ఆంటీ! ఊడిగానికి మనిషిని రప్పించుకుని, ఆ మనిషి చేతే టికెట్టు కొనిపించి, పైగా స్టేటస్ అడుగుతుందా? రైతు బజారు వంకాయలావిడ విని ఉంటే నవ్వి చచ్చేది. సింగపూర్ వెళ్ళి ఏం చేశారండీ అంటే, జీతం లేకుండా అంట్లు తోమానండీ అని చెప్పుకోవాలి!

తడిగుడ్డలు మూడు రంగులూ కలిపి మాప్ బకెట్లో పడేశాను.

"నారాయణమ్మ గారూ, క్రాంజీకి దారెటు?"

క్రాంజీ

మర్నాడు పొద్దున్నే ఆవిడే తోడొచ్చింది. రెండు రైళ్ళు మారి, ఇంకో బస్సెక్కి దిగాం. మేడలు అయిపోయాయి. రోడ్డుకి అటూ ఇటూ చెట్లు, మనుషులే లేరు. ఒక దిబ్బ మీద పచ్చిక, పచ్చిక నిండా వరసగా తెల్లరాళ్ళు. ఒక్కోటి ఒక్కో మనిషి. దిబ్బ పైన పెద్ద గోడలు, ఆ గోడల నిండా పేర్లు.

అక్కడ ఉన్నవి ఒకటీ రెండూ కాదు. మా పెదనాన్న ఒక్కడే తప్పిపోయాడన్నట్టు ఇన్నాళ్ళూ మా ఇంట్లో అనుకున్నాం. ఆ గోడల ముందు నిలబడితే ఎంతమంది నాయనమ్మలు ఎదురుచూసి ఉంటారో అర్థమైంది.

మేనల్లుడు చెప్పిన నంబరు గోడ పట్టుకుని మావారు వేలితో కిందకి చదువుకుంటూ వెళ్ళారు. పేరు మీద పేరు. ఒకచోట వేలు ఆగింది.

"సూరయ్య" అన్నారు.

ఇంగ్లీషు అక్షరాలే. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు. చదివాను. నారాయణమ్మ గారు పక్కకి తిరిగి ముక్కు చీదింది, ఆవిడకి ఆయన ఏమీ కాడు. మావారు చెప్పులు విప్పి పక్కన పెట్టారు. గుళ్ళో కూడా గుర్తుచేస్తే గానీ విప్పని మనిషి.

నేను ఏడ్చాను. ఎన్నడూ చూడని మనిషి కోసం ఇంత ఏడుపు ఎక్కడ దాచుకున్నానో తెలియదు. కళ్ళు తుడుచుకున్నాక కొంగు అలాగే చేతిలో ఉంది. పేరు మీద దుమ్ము తుడుద్దామని చేయి చాపాను. తుడవడానికి ఏమీ లేదు. అక్షరాల సందుల్లో కూడా మట్టి లేదు. ఎవరో రోజూ తుడుస్తున్నారు.

నా సంచిలో పసుపు పొట్లం ఉంది. వేలితో ఒక్క బొట్టంత తీసుకున్నాను కూడా. గోడ దాకా వెళ్ళిన వేలు ఆగిపోయింది. తెల్లరాయి మీద పసుపు ఏం చేస్తుందో నాకు తెలుసు. పొట్లం మూసి, వేలు నా చీరకే తుడుచుకున్నాను.

"ఫోటో తియ్యండి" అన్నాను.

మావారు కెమెరా చూసి నాలుక కరుచుకున్నారు. నేను ఇల్లు తుడుస్తున్న పూటల్లో ఒక్కరే తిరిగి, రీలు మొత్తం నీళ్ళు కక్కే సింహం బొమ్మ ముందూ, డ్రైవరు లేని రైలు ముందూ ఊదేశారు. చివరికి ఒక్కటి మిగిలింది. ఆ మనిషికి జన్మలో మొదటిసారి చేతులు వణక్కుండా పట్టుకోమని దండం పెట్టాను. ఆయన ఊపిరి బిగబట్టి నొక్కారు.

తాళాలు

తిరిగి వచ్చేసరికి స్రవంతీ వాళ్ళు ముందే దిగేశారు. సూట్‌కేసులు వరండాలోనే ఉన్నాయి. స్రవంతి గడప ముందు గొంతుక్కూర్చుని ఉంది. నేను వేసిన పట్టా పక్కన పడి ఉంది.

"ఆంటీ, ఏంటిది? ఇది ఇటాలియన్ మార్బుల్. లోపల సింక్‌లో కాఫీ గ్లాసులు అలాగే ఉన్నాయి. ఫ్యాన్లు టచ్ చేయలేదు. ఎలా ఇచ్చామో అలా ఉంచమన్నాను కదా!"

నా మొహంలో రైలు ప్రయాణం, ఏడుపు అన్నీ ఉన్నాయి. మావారు మెల్లగా నా వెనక్కి జరిగారు. ఆయనకి నా మొహం తెలుసు.

"గడప తప్పు నాది స్రవంతీ. పసుపు రాశాను, పోలేదు. బాగుచేయించుకో, ఎంతవుతుందో చెప్పు, పంపిస్తాను. మిగతాది ఎలా ఇచ్చావో అలాగే ఇవ్వాలనే నా తాపత్రయం కూడా" అన్నాను. స్టోర్ రూములోంచి ముడికట్టిన ప్లాస్టిక్ సంచి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. "ఇది మీ సోఫా కింద ఉండేది. చూసుకో, వేరుశెనక్కాయ కూడా పోలేదు. ఎక్కడ ఎలా ఉండేదో నాకు గుర్తులేదు, నువ్వే పరుచుకో. ఫ్రిజ్‌లో కరివేపాకు రసం మాత్రం తిరిగి పోయలేకపోయాను."

కిరణ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఫ్యాన్లు ఉన్నాయంటావా, రేపు మణిమేగలైని రమ్మను. ఆమె నాకంటే బాగా చేస్తుందట."

ఆ పేరు వినగానే స్రవంతి మొహం ఆ గడప రంగుకి వచ్చింది. ఏదో అనబోయింది. "అత్తయ్యా" అని మొదలెట్టింది కూడా. ఎన్నేళ్ళకో విన్న పిలుపు, కానీ నాకు సూట్‌కేసు సర్దుకునే పని ఉంది.

ఆ రాత్రి మమ్మల్ని నారాయణమ్మ గారు భోజనానికి పిలిచారు. పప్పుకి ఘాటుగా పోపు పెట్టారు. వరండా అంతా వాసన. ఎదురింటి కర్టెన్లకి తప్పకుండా పట్టి ఉంటుంది.

తుని

కాకినాడలో దిగిన మర్నాడే రీలు కడిగించాను. సింహాలన్నీ మసకగా వచ్చాయి. ఆఖరిది మాత్రం అక్షరం అక్షరం తేటగా వచ్చింది. అది పట్టుకుని తుని బస్సెక్కాను. ఇల్లు ఇస్తే పాడుచేసి వచ్చామని స్రవంతి మా ఆడపడుచుకి అప్పటికే ఫోన్ చేసిందట. గడప వరకూ నిజమే కాబట్టి నేను కాదనలేదు. సోఫా సంగతి మాత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పాను.

నాన్న ఫోటో తీసుకుని కిటికీ దగ్గరికి జరిగారు. కళ్ళజోడు పెట్టుకున్నారు, తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. వేలితో ఒక్కో అక్షరం వెంటా వెళ్ళారు. ఏడుస్తారేమోనని తమ్ముడూ నేనూ చూస్తున్నాం. ఏడవలేదు.

తలెత్తి నన్ను అడిగారు.

"శుభ్రంగా ఉంచుతున్నారా అమ్మా, వాణ్ణి?"

"అద్దంలా ఉంచుతున్నారు నాన్నా" అన్నాను.

ఆయన తలూపి, దుమ్మేమీ లేని ఆ ఫోటోని పంచె చెంగుతో ఒకసారి మెల్లగా తుడిచారు.